జపాన్‌లో స్నోబోర్డింగ్‌: నిసెకోకి వెళ్ళాలా, హకుబాకా, నొజావాకా, యుజావాకా?

జపాన్‌లో స్నోబోర్డింగ్ అనగానే అందరూ ముందు నిసెకో పేరే చెబుతారు. ఆ పేరు ఊరికే రాలేదు. అయినా ఎక్కడికి వెళ్ళాలో తేల్చుకునే ముందు ఒక లెక్క వేసుకోండి. విమానాలకు పోయే రోజులు, టోక్యో చూసే రోజులు తీసేస్తే మంచు మీద మీకు మిగిలేవి ఎన్ని? ఒకటా, మూడా, ఆరా? ఈ లెక్క తేలితే సగం ఎంపిక అయిపోయినట్టే.

కారణం ఉంది. బోర్డు మీద మొదటి రోజంతా ఒక కాలు కట్టుకుని జారడం, మడమ వైపు అంచు మీద ఆగడం, పడడం, లేవడంతోనే సరిపోతుంది. రెండో రోజు వేళ్ళ వైపు అంచు పట్టుబడుతుంది. ఎడమకీ కుడికీ మలుపులు కలుపుకుంటూ కిందికి రావడం చాలామందికి మూడో రోజుకి గానీ రాదు. అంటే మూడు రోజులు ఒక గీత. అంతకంటే తక్కువ ఉంటే మీది "రుచి చూసే" ట్రిప్, దానికి దగ్గరి చోటు చాలు. ఎక్కువ ఉంటేనే దూరం వెళ్ళడంలో అర్థం ఉంది.

## దేన్ని చూసి ఎంచుకోవాలి

మీ స్థాయి. కొత్తవాళ్ళకి కావలసింది వెడల్పైన, వాలు తక్కువగా ఉన్న, యంత్రంతో చదును చేసిన బాట. మోకాలి లోతు పౌడర్ (కొత్తగా పడ్డ పొడిపొడి) మంచు వాళ్ళకి వరం కాదు. అందులో వేగం తగ్గితే బోర్డు ముక్కు కూరుకుపోయి ఆగిపోతారు. బోర్డు విప్పి కాలు దించితే తొడ దాకా దిగబడుతుంది. అలాంటప్పుడు విప్పిన బోర్డును మంచు మీద పడుకోబెట్టి, దానిపై రెండు చేతులూ ఆనించి లేవాలి. వట్టి మంచు మీద చెయ్యి ఆనిస్తే చెయ్యి కూడా లోపలికే పోతుంది. ఈ తంటాకి ఒక్కోసారి పావుగంట పడుతుంది, ఒంట్లో శక్తీ పోతుంది. మలుపులు బాగా వచ్చినవాళ్ళకి మాత్రం ఆ పౌడరే అసలు ఆనందం.

మంచు తీరు. సైబీరియా నుంచి వచ్చే పొడి చల్లగాలి జపాన్ సముద్రం మీదుగా వస్తూ తేమ పీల్చుకుంటుంది. కొండలకు తగలగానే దాన్ని మంచుగా దులిపేస్తుంది. ఉత్తరాన, నిసెకో ఉన్న హొక్కైడో దీవిలో చలి ఎక్కువ కాబట్టి ఆ మంచు తేలిగ్గా, పొడిగా పడుతుంది. యుజావా ఉన్న నీగాతా వైపు ఉష్ణోగ్రత సున్నా దగ్గర్లో ఆడుతుంది కాబట్టి అదే మంచు బరువుగా, తడిగా ఉంటుంది. కింది కొండల్లో అప్పుడప్పుడూ వానే పడుతుంది.

వెంట వచ్చేవాళ్ళు. బోర్డు ఎక్కని అమ్మానాన్నలు, చిన్నపిల్లలు ఉంటే వాళ్ళకి పగలంతా ఏం తోస్తుందో ముందే చూడాలి. ఏడేళ్ళ లోపు పిల్లలకి స్నోబోర్డు కన్నా స్కీయింగే త్వరగా వస్తుంది. క్లాసులు కూడా వాళ్ళకి స్కీయింగ్‌లోనే సులువుగా దొరుకుతాయి.

తిండి, భాష, డబ్బు. శాకాహారులైతే ఇది చిన్న విషయం కాదు. జపాన్ వంటలో చాలావాటికి పునాది దాషి, అంటే ఎక్కువగా ఎండు చేపతో చేసే రసం. కూరగాయల సూప్ అని రాసినా అది ఉండే అవకాశం ఎక్కువ. జపాన్ కర్రీల్లోనూ గొడ్డు మాంసపు లేదా పంది కొవ్వు తరచూ కలుస్తుంది. అందుకే వంటగది ఉన్న గది దొరికే ఊరికి మనవాళ్ళు ఎక్కువ మార్కులు వేయాలి.

| చోటు | చేరడం | మంచు | కొత్తవాళ్ళకి | ఇంగ్లీషు, శాకాహారం | ఖర్చు |
|---|---|---|---|---|---|
| నిసెకో | చిటోసే విమానాశ్రయం నుంచి బస్సులో రెండున్నర, మూడు గంటలు | పొడిగా, చాలా ఎక్కువ | బాగుంటుంది, ఖరీదు | అన్నిటికన్నా సులువు | అన్నిటికన్నా ఎక్కువ |
| హకుబా | టోక్యో నుంచి రైలు, బస్సు కలిపి మూడు గంటల పైన | మంచి మంచు, ఎండ రోజులూ ఉంటాయి | కొండను బట్టి చాలా బాగుంటుంది | పర్వాలేదు | మధ్యస్థం |
| నొజావా ఒన్సెన్ | ఇయామా దాకా షింకాన్సెన్ (బుల్లెట్ రైలు), అక్కణ్ణించి బస్సు 25 నిమిషాలు | మంచిది, పైన ఇంకా బాగుంటుంది | పర్వాలేదు | ముందే చెప్పుకోవాలి | మధ్యస్థం |
| గాలా యుజావా | టోక్యో నుంచి షింకాన్సెన్‌లో గంటంబావు, గంటన్నర | తడి, బరువు | ఒక రోజుకి సరిపోతుంది | తక్కువ | తక్కువ |

## నిసెకో: నాలుగు కొండలు, ఒకే పాస్

నిసెకో అన్నుపురి 1,308 మీటర్ల కొండ. దాని చుట్టూ గ్రాండ్ హిరాఫు, హనాజోనో, నిసెకో విలేజ్, అన్నుపురి అని నాలుగు రిసార్టులు ఉన్నాయి. ఒకే పాస్‌తో నాలుగింట్లోనూ తిరగొచ్చు. సీజన్‌లో సగటున 15 మీటర్ల దాకా మంచు పడుతుంది. జనవరిలో అయితే ఎండ కనిపించడమే అరుదు. ఎదురుగా 1,898 మీటర్ల యోతెయ్ పర్వతం ఉంటుంది. చాలామంది మబ్బుల వల్ల దాన్ని ఒక్కసారి కూడా సరిగ్గా చూడకుండానే వెనక్కి వస్తారు.

ఇంగ్లీషులో నేర్పే స్కూళ్ళు ఇక్కడున్నన్ని ఇంకెక్కడా లేవు. వంటగది, వాషింగ్ మెషిన్ ఉన్న అపార్ట్‌మెంట్లు దొరుకుతాయి. పక్కనే కుచ్చాన్ ఊళ్ళో సూపర్‌మార్కెట్లు ఉన్నాయి. పప్పూ అన్నం వండుకుని తినే కుటుంబానికి ఇది పెద్ద సౌకర్యం. హిరాఫులో రాత్రి దీపాల వెలుతురులోనూ బోర్డింగ్ చేయొచ్చు.

ఇబ్బందులు రెండు. మొదటిది డబ్బు. ఒకరోజు పాస్ 10,000 యెన్ దాటింది. ఇటీవలి మారకం రేటులో వంద యెన్ అంటే 55-60 రూపాయలు. కొండ మీద మామూలు భోజనమే 2,000 యెన్ దాకా పోతుంది, ప్రైవేటు క్లాసు రోజుకి 50,000 యెన్ దాటుతుంది. రెండోది గాలి. గాలి జోరందుకుంటే పై లిఫ్టులన్నీ ఆపేస్తారు, జనమంతా కింది బాటల మీద గుమికూడతారు. వారంలో ఒకటి రెండు రోజులు ఇలా పోతాయనుకునే వెళ్ళాలి. మూడు రోజుల ట్రిప్‌కి నిసెకో వద్దనడానికి ఇదే అసలు కారణం.

హద్దు దాటి వెనక కొండల్లోకి వెళ్ళడానికి ఇక్కడ గేట్లు ఉన్నాయి. ప్రమాదం ఉందనిపించిన రోజు వాటిని మూసేస్తారు. తెరిచిన గేటులోంచి మాత్రమే, కొండ మీంచి విరిగిపడే మంచులో కూరుకుపోయినవాళ్ళని వెతికే బీకన్ పరికరం, పార, తోడుతోనే వెళ్ళాలి. తాడు కింద నుంచి దూరితే పాస్ లాగేసుకుంటారు. బయట చిక్కుకుంటే వెతికే ఖర్చు మీ దగ్గరే వసూలు చేస్తారు.

హొక్కైడోనే కావాలి గానీ నిసెకో ధరలు వద్దనుకునేవాళ్ళు ఫురానో చూడండి. అది దీవి నడుమ ఉంది కాబట్టి చలి ఇంకా ఎక్కువ, మైనస్ 15 మామూలే. మంచు ఇంకా పొడిగా ఉంటుంది గానీ నిసెకో అంత పడదు. జనం తక్కువ, వాలులు నున్నగా ఉంటాయి. అసాహికావా విమానాశ్రయం నుంచి బస్సులో గంట.

## హకుబా: ఎత్తు కావాలంటే, రకం కావాలంటే

1998 నాగానో ఒలింపిక్స్‌లో డౌన్‌హిల్ పోటీలు జరిగిన హప్పో ఒనే ఇక్కడే ఉంది. చుట్టూ 3,000 మీటర్లకు దగ్గరి శిఖరాలు. తెరిపి ఇచ్చిన రోజు ఆ దృశ్యం నిసెకోలో దొరకదు. టోక్యో నుంచి నాగానోకి షింకాన్సెన్‌లో గంటన్నర అటూ ఇటూ, టికెట్ సుమారు 8,500 యెన్. స్టేషన్ తూర్పు ద్వారం దగ్గర హకుబా బస్సు దొరుకుతుంది, అది గంటా పది నిమిషాల ప్రయాణం.

హకుబా లోయలో పది రిసార్టులు ఉన్నాయి. అందరూ పొరబడేది ఇక్కడే. ఇవి నిసెకోలా ఒకే కొండ చుట్టూ లేవు. గోర్యూ, హకుబా 47 అనే రిసార్టులు రెండూ కలిసే ఉంటాయి. కోర్టినా, నోరికురా కలుస్తాయి. మిగతావాటి మధ్య షటిల్ బస్సే దిక్కు. బోర్డింగ్ బూట్లతో, బోర్డు చంకన పెట్టుకుని బస్సు కోసం నిలబడడం రోజుకి ఒకసారి చాలు. కాబట్టి గది బుక్ చేసే ముందు ఏ కొండ మీదో తేల్చుకోండి, దానికి నడిచి వెళ్ళే దూరంలో గది తీసుకోండి.

కొత్తవాళ్ళకి త్సుగాఇకే. దాని కింది బాట ఎంత వెడల్పంటే పక్కవాణ్ణి గుద్దుతామన్న భయం లేకుండా అంచులు మార్చుకోవచ్చు. గోర్యూ పక్కనే ఉన్న ఇమోరి కూడా నెమ్మదైన వాలే. మలుపులు వచ్చినవాళ్ళకి హప్పో. లిఫ్టుల్లో పైకంటా 1,831 మీటర్ల ఎత్తుకి వెళ్ళి, అక్కడి నుంచి 1,071 మీటర్లు దిగొచ్చు. చెట్ల మధ్య పౌడర్ కోరేవాళ్ళకి కోర్టినా. బోర్డు ఎక్కని పెద్దవాళ్ళని ఇవాటాకే కొండ మీదికి గొండోలా (కేబుల్ కారు) ఎక్కించండి, పైన కూర్చుని కొండలు చూస్తూ కాఫీ తాగే చోటు ఉంది. ఒక రోజు మంచుకోతులుండే జిగోకుదాని లోయకి కూడా వెళ్ళి రావచ్చు. నాగానో స్టేషన్ నుంచి బస్సు దిగాక మంచులో అరగంట పైన నడక ఉంటుందని మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళకి ముందే చెప్పండి.

ఒక లోటు ఉంది. ఊరు దాదాపు 700-760 మీటర్ల ఎత్తులోనే ఉంది కాబట్టి వెచ్చబడితే కింద మంచు తడిసి, రాత్రికి గడ్డకట్టి, పొద్దున్నే గాజులా ఉంటుంది. అలాంటి రోజు కొత్తవాళ్ళు పది దాటాకే మొదలుపెట్టడం మంచిది.

## నొజావా ఒన్సెన్: ఊరి కోసం వెళ్ళే చోటు

మిగతా మూడు చోట్లకీ మంచు కోసమే వెళ్తాం. నొజావా మంచు ఆటలు రాకముందు నుంచే వేడినీటి బుగ్గల ఊరు. ఊళ్ళో 13 స్నానాల ఇళ్ళు ఉన్నాయి, ఊరివాళ్ళే చూసుకుంటారు. టికెట్ ఉండదు, హుండీలో తోచినంత వేయాలి. నీళ్ళు మనం అలవాటు పడ్డ వేడి కన్నా చాలా ఎక్కువ. ముందు బయట కూర్చుని ఒళ్ళు శుభ్రంగా కడుక్కోవాలి, కాళ్ళ మీద నీళ్ళు పోసుకుని వేడి అలవాటు చేసుకోవాలి, అప్పుడు మెల్లగా దిగాలి. బట్టలు ఉండకూడదు, తువ్వాలు నీళ్ళకి తగలకూడదు. రోజంతా పడి లేచిన నడుముకి దీన్ని మించిన మందు లేదు.

కొండ 1,650 మీటర్లు. పైన పౌడర్ బాగా నిలుస్తుంది. అయితే కొన్ని చోట్ల బాటలు చదునుగా, సన్నగా ఉంటాయి. స్కీ వాళ్ళు కర్రలతో తోసుకుపోతారు, బోర్డు వాళ్ళకి ఆ వీలు లేదు. ముందు నుంచే వేగం పెంచుకుని రాకపోతే కాలు విప్పి నెట్టుకోవాలి.

బసలు ఎక్కువగా చిన్న సత్రాలు, ర్యోకాన్‌లు అనే సంప్రదాయ వసతి గృహాలు. రాత్రి భోజనం వాళ్ళే పెడతారు, అందులో చేప తప్పకుండా ఉంటుంది. శాకాహారులు భోజనం లేకుండా గది మాత్రమే తీసుకోవడం తేలిక.

సంక్రాంతి సెలవుల్లో వెళ్ళేవాళ్ళకి ఇక్కడ ఒక ప్రత్యేకం ఉంది. ఏటా జనవరి 15 రాత్రి దోసోజిన్ అగ్ని పండుగ జరుగుతుంది. కొయ్యతో పెద్ద మండపం కడతారు. అశుభమని నమ్మే 25, 42 ఏళ్ళ వయసు మగవాళ్ళు దానికి కాపలా ఉంటే, మిగతా ఊరివాళ్ళు దివిటీలతో దాడి చేస్తారు. చివరికి దాన్నంతా తగలబెడతారు. భోగి మంటలు చూసి పెరిగినవాళ్ళకి ఆ రాత్రి బాగా నచ్చుతుంది. కాకపోతే ఆ తేదీకి గదులు నెలల ముందే అయిపోతాయి.

## గాలా యుజావా: ఒకటి రెండు రోజులున్నవాళ్ళకి

రైలు దిగిన స్టేషన్ భవనంలోనే టికెట్లు, అద్దె సామాను, లాకర్లు, పైకి గొండోలా ఉన్నాయి. పొద్దున్నే టోక్యోలో బయల్దేరి సాయంత్రానికి తిరిగి రావచ్చు. సామాను ఏమీ మోయక్కర్లేదు, జాకెట్, ప్యాంటు కూడా అద్దెకి ఇస్తారు. గ్లవ్స్, గాగుల్స్ మాత్రం మీవి ఉండాలి, లేకపోతే అక్కడ కొనుక్కోవాలి.

రైలు పాస్ లెక్క ఒకటి చూసుకోండి. టోక్యో నుంచి వెళ్ళి రావడానికి 13,500 యెన్ పైన అవుతుంది. మూడు వరుస రోజులు పనిచేసే జేఆర్ (జపాన్ రైల్వే) టోక్యో వైడ్ పాస్ సుమారు 15,000 యెన్. యుజావాకి మాత్రమే అయితే పాస్ నష్టం. అదే మూడు రోజుల్లో నరితా విమానాశ్రయం రైలు కూడా ఎక్కితే లాభం. దేశమంతా తిరిగే ఏడు రోజుల జేఆర్ పాస్ 2023 అక్టోబర్‌లో 50,000 యెన్ అయింది. మంచు ట్రిప్‌కి అది గిట్టదు.

గాలాలో జాగ్రత్త పడాల్సింది చివరి దిగుడు. స్టేషన్ దాకా దిగే ఫాల్కన్ బాట రెండున్నర కిలోమీటర్లు, సన్నగా, సాయంత్రానికి గుంటలు పడి ఉంటుంది. కొత్తవాళ్ళు గొండోలాలోనే దిగండి. శని, ఆదివారాల్లో జనం విపరీతం, అద్దె కౌంటర్ దగ్గరే గంట పోతుంది. టోక్యోలో ఉద్యోగాలు చేస్తున్న తెలుగువాళ్ళు ఒక్క పనిదినం సెలవు పెట్టి వెళ్తే అదే డబ్బుకి రెట్టింపు సమయం దొరుకుతుంది. చెయ్యి తిరిగినవాళ్ళు పక్కనే ఉన్న కగురాకి వెళ్ళాలి. ఎత్తు ఎక్కువ కాబట్టి మంచు నయం, సీజన్ మే నెల దాకా ఉంటుంది.

బోర్డు మీద ఆసక్తి తక్కువ, చూడ్డానికి వెళ్తున్నాం అనేవాళ్ళకి యమగాతాలోని జావో మంచిది. మంచు కప్పుకుని దెయ్యాల్లా నిలబడే చెట్లు ఫిబ్రవరిలో బాగా కనిపిస్తాయి. బోర్డు వాళ్ళకి మాత్రం చదును దారులు ఎక్కువ.

## ఎవరికి ఏది

తొలిసారి, ఒకటి రెండు రోజులే ఉంటే గాలా, ఇంకో ఆలోచన వద్దు. తొలిసారే గానీ నాలుగైదు రోజులు ఉండి నిజంగా నేర్చుకోవాలనుకుంటే త్సుగాఇకే దగ్గర బస. నిసెకో ఖర్చులో చాలా తక్కువకే అదే నేర్చుకుంటారు. పిల్లలకి ఇంగ్లీషు క్లాసులు, ఇంట్లో వంట రెండూ కావాలనుకునే కుటుంబానికి మాత్రం నిసెకో ఖరీదు సమంజసమే. గుల్‌మర్గ్‌లోనో, అమెరికాలోనో నేర్చుకుని వచ్చినవాళ్ళు ఆరు రోజులు పెట్టుకుని నిసెకోకే వెళ్ళాలి. సగం మందికి బోర్డు, సగం మందికి ఊరు కావాల్సిన గుంపుకి నొజావా.

## తేదీలు

పౌడర్‌కి జనవరి మధ్య నుంచి ఫిబ్రవరి మధ్య. ఎండ, నేర్చుకోవడానికి హాయి అయితే ఫిబ్రవరి చివర, మార్చి మొదట. డిసెంబర్ 29 నుంచి జనవరి 3 దాకా, జనవరి రెండో సోమవారంతో కలిసే వారాంతం, చైనా కొత్త సంవత్సరం వారం (2027లో ఫిబ్రవరి 6) తప్పించండి. ఫిబ్రవరి మొదట్లో సప్పోరో మంచు పండుగ ఉంటుంది కాబట్టి ఆ ఊళ్ళో గదులు కరువు. హొక్కైడో నుంచి తిరుగు ప్రయాణంలో ఇంటి విమానానికి ముందు ఒక రాత్రి ఖాళీ ఉంచుకోండి, మంచు తుఫానుకి చిటోసే మూతపడిన రోజులు ఉన్నాయి.

## సామాను, పొరపాట్లు

బూట్ల సైజు సెంటీమీటర్లలో అడుగుతారు. గోడకి మడమ ఆనించి పాదం పొడవు కొలిచి రాసుకుని వెళ్ళండి. మోకాలు వంచినప్పుడు మడమ లేవకూడదు. చలికి భయపడి రెండు జతల సాక్సులు వేసుకుంటే మడతలు పడి బొబ్బలు వస్తాయి, రక్తం ఆడక పాదం ఇంకా చల్లబడుతుంది. ఒకే ఒక్క పొడవాటి ఉన్ని జత చాలు. కొత్తవాళ్ళకి బోర్డు నిలబెడితే గడ్డం దాకా వచ్చేది, మెత్తనిది అడగండి. ఏ కాలు ముందు పెట్టాలో తెలియకపోతే, నున్నటి నేల మీద సాక్సులతో పరిగెత్తి జారేటప్పుడు ఏ కాలు ముందు పెడతారో గమనించండి.

బోర్డు కొండ దిగువ వైపు అంచు మంచులో తట్టుకుంటే మనిషి ఒక్కసారిగా విసిరినట్టు పడతాడు. వెనక్కి పడితే వెన్ను చివరి ఎముక, తల. ముందుకి పడితే మణికట్టు. అందుకే హెల్మెట్, మణికట్టు గార్డులు, ప్యాడ్లున్న నిక్కరు కొత్తవాళ్ళు తప్పకుండా వేసుకోవాలి. లోపల కాటన్ బనియన్ వద్దు, చెమటకి తడిసి ఆరదు. యుజావా లాంటి తడి మంచుకి జాకెట్ 20,000 మి.మీ. వాటర్‌ప్రూఫ్ (నీటిని ఎంత ఆపుతుందో చెప్పే కొలత) ఉంటే నయం, హొక్కైడోకి 10,000 సరిపోతుంది. గాగుల్స్ నుదుటి మీదికి నెట్టకండి, చెమట ఆవిరి లోపల పట్టేస్తుంది. మంచు పడే రోజుకి పసుపు లేదా గులాబీ రంగు అద్దం కావాలి. నల్ల అద్దంలో గుంటలు కనిపించవు.

చెట్ల మొదళ్ళ చుట్టూ మంచు గుల్లగా ఉండి బావిలా లోతు ఉంటుంది. అందులో తలకిందులుగా పడితే ఒంటరిగా బయటికి రావడం దాదాపు అసాధ్యం. చెట్ల మధ్యకి ఎప్పుడూ ఇద్దరు, ఒకరికొకరు కనిపించే దూరంలోనే వెళ్ళాలి.

కారు అద్దెకి తీసుకునే ఆలోచన ఉంటే, మన ఆర్టీవో ఇచ్చే అంతర్జాతీయ పర్మిట్ జపాన్‌లో చెల్లుతుంది. అక్కడా ఎడమ వైపే నడపాలి. అయినా గడ్డకట్టిన రోడ్డు మీద ఎప్పుడూ నడపని వాళ్ళు బస్సే ఎక్కండి.

## బుకింగ్ వరుస

ముందు గది, తర్వాత క్లాసు, తర్వాత విమానం. జనవరి, ఫిబ్రవరి గదులు ఆగస్టు, సెప్టెంబర్‌ల్లోనే పోతాయి. హైదరాబాద్ నుంచి హొక్కైడోకి బ్యాంకాక్ లేదా హాంకాంగ్ మీదుగా వెళ్తే టోక్యోలో విమానం మారే పని ఉండదు. ఇన్సూరెన్స్‌లో స్నోబోర్డింగ్ అన్న మాట స్పష్టంగా ఉందో లేదో చదవండి. చాలా మామూలు ప్రయాణ పాలసీల్లో సాహస క్రీడలు ఉండవు, గుర్తించిన బాట బయట జరిగిన ప్రమాదానికి విడిగా షరతులు ఉంటాయి.

బరువైన సూట్‌కేసును హోటల్ నుంచి హోటల్‌కి కొరియర్‌లో పంపేయొచ్చు. మంచు రోజుల్లో ఒక రోజు ఆలస్యం మామూలే కాబట్టి రెండు రోజుల బట్టలు చేతి సంచిలో ఉంచుకోండి. ఇంటి నుంచి పొడులు, ఆవకాయ, పులిహోర పేస్టు తీసుకెళ్ళవచ్చు. కోడి, మటన్ పచ్చళ్ళు మాత్రం పెట్టుకోకండి, మాంసపు పదార్థాలు జపాన్‌లోకి నిషేధం. తాజా కరివేపాకు, పండ్లు కూడా ధ్రువపత్రం లేకుండా రానివ్వరు.

ఈ-వీసా తీసుకున్నవాళ్ళు దిగిన వెంటనే ఫోన్‌లో ఇంటర్నెట్ పనిచేసేలా చూసుకోండి. వీసా జారీ నోటీసును వాళ్ళ వెబ్‌సైట్‌లో అప్పటికప్పుడు తెరిచి చూపించాలి, స్క్రీన్‌షాట్ గానీ ప్రింటు గానీ ఒప్పుకోరు.